సౌభాగ్య గారు చెప్పని మాట

1988 జూన్ 13వ తేదీన బిలాస్‌పూర్ రైల్వే కార్యాలయంలో శ్రీమతి సౌభాగ్య గారు టైపిస్టుగా తొలి సంతకం చేసిన నాడు, పక్క బల్ల దగ్గర కూర్చున్న గుమాస్తాను నేను. నిరుడే పదవీ విరమణ చేసిన నన్ను, ఇప్పుడు వారి వీడ్కోలు సభలో చదవడానికి వారి గురించి నాలుగు మాటలు రాయమన్నారు. వారి ఉద్యోగ జీవితంలో పడిన ఏకైక మచ్చకు కారణం నేనేనని ముందుగా విన్నవించుకోవడం నా ధర్మం.

1994లో బదిలీల జాబితాను వారే టైపు చేశారు. ఇంజన్ల షెడ్‌లో ఫిట్టరుగా ఉన్న మావారు సన్యాసిరావు పేరు అందులో ఉందేమోనని నేను బతిమాలగా, స్నేహానికి కట్టుబడి వారు కాగితం చూపించారు. పేరు లేదు. ఆ సంతోషంలో నేను నోరు జారాను. సాయంత్రానికి విషయం ఊళ్ళో తోర్వా పేట దాకా పాకింది. అనుమానం జాబితాను మోసుకెళ్ళిన బంట్రోతు సూర్యం మీద పడింది. ఎవరూ పిలవకముందే సౌభాగ్య గారు అధికారి గదిలోకి వెళ్ళి, "సూర్యానికేటీ తెలీదండి. సూపించింది నేను" అన్నారు. వెనుకనే వెళ్ళి నేనూ ఒప్పుకున్నాను. నాకు మందలింపు, వారికి రెండేళ్ళ ఇంక్రిమెంటు కోత.

మూడేళ్ళకు మళ్ళీ జాబితా వచ్చింది. సిగ్గు విడిచి వారి క్వార్టర్‌కు వెళ్ళి మళ్ళీ అడిగాను. టీ ఇచ్చారు, నా ఏడుపంతా విన్నారు, ఒక్క మాట చెప్పలేదు. వారం తిరగకుండా మావారికి దూర ప్రాంతానికి బదిలీ ఉత్తర్వు వచ్చింది. రెండేళ్ళ పాటు నేను వారి గుమ్మం తొక్కలేదు.

2007లో, సైనిక ప్రత్యేక రైళ్ళ రాకపోకలు చూసే రహస్య విభాగానికి వారి పేరు ప్రతిపాదించారు. అందుకు భద్రతా అనుమతి తప్పనిసరి. పాత శిక్షను వారు దరఖాస్తులో పూర్తిగా రాశారు. పరిశీలనకు వచ్చిన అధికారి ఆదినారాయణ గారికి అదే అడ్డయింది. రహస్యం బయటపెట్టిన చేతికి అంతకన్నా పెద్ద రహస్యాలు అప్పగించడమెలాగని ఆయన సందేహం. పాత ఫైలులో నా పేరు చూసి నన్ను పిలిపించారు.

"ఆ తర్వాత ఎప్పుడైనా ఆఫీసు సంగతులు మీకు చెప్పారా?"

నాలోని పాత కోపం ఒక్కసారిగా పైకి వచ్చింది. "ఏటి సెప్తాదండీ! మా ఆయన బదిలీ కాగితం తన సేత్తోనే టైపు కొట్టి, నా ఎదురుగా కూకుని ఒక్క ముక్క సెప్పనేదు. నానేడుస్తంటే సూస్తా ఉంది!"

ఆయన కలం ఆపి నావైపు చూశారు. "అచ్ఛా! ఇది రాసుకోవచ్చా, అమ్మా?"

నేను ఫిర్యాదు చేస్తున్నాననుకున్నాను. ఆయన దానినే సాక్ష్యంగా రాసుకున్నారు. నాలుగు నెలలకు అనుమతి వచ్చింది.

ఆనాటి నుండి పంతొమ్మిదేళ్ళు ఆ విభాగంలో వారు సేవలందించారు. గోల్ బజార్‌లో కూరలు కొంటూ ఎన్నిసార్లు కదిలించినా, ఏ రైలు ఎటు వెళ్ళిందో ఈనాటికీ నాకు తెలియదు. ఒక్క పొరపాటును ఒప్పుకుని, జన్మంతా దానిని దిద్దుకుంటూ నడిచిన ఆ నిగ్రహాన్ని తలచుకుంటే నాకు విస్మయంతో కూడిన భక్తి కలుగుతుంది.

సౌభాగ్యా, రెండుసార్లు నిన్ను అడగరానిది అడిగాను. ఒక్కసారి కూడా క్షమించమని అడగలేదు. ఇందరి సమక్షంలో ఇప్పుడు అడుగుతున్నాను. కంటిచూపు తగ్గక, మోకాళ్ళు మొరాయించక, మనుమల ముచ్చట్లతో నిండు నూరేళ్ళు వర్ధిల్లు.

— చిన్నమ్మి