పురుళ్ళ గదిలో అభ్యర్థి

ఈ సభకు అధ్యక్షత వహిస్తున్న మా సూపరింటెండెంటు డాక్టరమ్మగారికి, ముఖ్య అతిథిగా విచ్చేసిన గౌరవనీయులైన మేయరుగారికి, ముందు వరసలో కూర్చున్న కౌన్సిలు పెద్దలకు, నాతో పాటు ఈ పురుళ్ళ ఆసుపత్రిలో ఏళ్ళ తరబడి నిద్రలు మానుకున్న నర్సులకు, ఆయాలకు, అంబులెన్సు డ్రైవర్లకు, పిల్లల్ని చంకనేసుకుని శ్రమపడి వచ్చిన తల్లులకు నమస్కారం. వెనక తలుపు దగ్గర నిలబడ్డ తమ్ముళ్ళకు కూడా నమస్కారం. మీరు మా ఆసుపత్రి వాళ్ళు కారు, మిమ్మల్ని ఎవరు పంపించారో నాకు తెలియదు, అయినా కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, కూర్చోండి నాయనా. (ఎవరూ కూర్చోలేదు.) సరే, మీ ఇష్టం.

డాక్టరమ్మగారు నా గురించి చాలా మంచి మాటలు చెప్పారు. వాటిలో కోపిష్టిదాన్నన్న ఒక్క మాటకు మాత్రం నేను సాక్ష్యం చెప్పగలను. (నవ్వులు) నాకు మైకు ముందు మాట్లాడటం అలవాటు లేదు. నొప్పులు పడుతున్న మనిషి చెవి దగ్గర వంగి "ఇంకొక్కసారి తల్లీ, ఇంకొక్కసారి" అనడమే నాకు తెలిసిన ఉపన్యాసం. నా చేతిలో కాగితం వణకడం ముందు వరస వాళ్ళకు కనిపిస్తూనే ఉంటుంది. ఫ్యాను గాలికి అనుకోకండి. భయంతోనే వణుకుతోంది. పదవీ విరమణ సభలో భయమేమిటని అనుకుంటున్నారేమో, చెబుతాను, కాస్త ఓపిక పట్టండి.

మేయరుగారు ఏమీ అనుకోకపోతే ఒక మాట. వారి కుటుంబాన్ని ఊరంతా మేడవారు అంటుంది, ఎదుటి కుటుంబాన్ని మిల్లువారు అంటుంది. ఎన్నికలొస్తే ఒకరు నిలబడేవారు, ఇంకొకరు ఎదురు నిలబడేవారు. ఆ ఇంటి పిల్లను ఈ ఇంటికి చేసుకున్నాక ఎదురు నిలబడటం కూడా మానేశారు, అన్నదమ్ములు గదులు పంచుకున్నట్టు వార్డులు పంచుకుంటున్నారు. రెండు ఇళ్ళ పిల్లలూ ఈ చేతుల్లోనే పుట్టారు కనుక చనువుగా అంటున్నాను. పుట్టినప్పుడు ఎవరి ఏడుపు ఏ పార్టీదో నాకెప్పుడూ తెలియలేదు. (నవ్వులు) మేయరుగారు కూడా నవ్వుతున్నారు. నవ్వండి బాబూ. ఇంకాసేపటికి నవ్వలేరేమో.

నేను కాపురానికి వచ్చినప్పటి నుంచీ మా వార్డులో ఎన్నిక ఏకగ్రీవమే. అలాగని ఎవరూ నామినేషన్ వేయలేదని కాదు. వేసేవారు. అప్పుడు ఇంటికి ఒక పెద్దమనిషి వచ్చేవాడు. అరవడు, తిట్టడు, కుర్చీ వేస్తే కూర్చుంటాడు, కాఫీ ఇస్తే బాగుందంటాడు. లేచి వెళ్ళేటప్పుడు, గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ, "మీ అమ్మాయి కాలేజీ నుంచి ఏ బస్సులో వస్తుందమ్మా?" అని అడుగుతాడు. అంతే. మర్నాడు ఆ నామినేషన్ వేసిన మనిషే ఆఫీసుకు వెళ్ళి, ఆరోగ్యం బాగోలేదని రాసిచ్చి, పేరు వెనక్కి తీసుకుని వచ్చేవాడు. మేమంతా పాపం ఆరోగ్యం ఎలా ఉందని పరామర్శించేవాళ్ళం. ఊరు ఊరంతా అలా నటించేవాళ్ళం.

పోయిన ఎన్నికలకు ముందు వేసవిలో మా వార్డు కుళాయిల్లో మురుగునీరు కలిసింది. వాంతులతో, విరేచనాలతో వాడిపోయిన పసిపిల్లల్ని తెచ్చి మా ఆసుపత్రి వరండాలో పడుకోబెట్టేవారు. సెలైను ఎక్కిద్దామంటే నరం దొరకనంత చిన్న చేతులు. వాళ్ళలో ఒక పాప మా కళ్ళముందే పోయింది. ఆ పాపకు పురుడు పోసింది నేను. మొదటి గౌను కుట్టింది నా తోడికోడలు.

నా తోడికోడలంటే మా మరిది భార్య. మా సందు చివర చిన్న కుట్టు దుకాణం ఉండేది ఆమెకు. నోట్లో గుండుసూదులు పెట్టుకుని, మనం చెప్పేదంతా తలూపుతూ విని, చివరికి తనకు తోచినట్టే కుట్టే రకం. పాప పోయిన వారంలోనే వార్డు మెంబరుగారిని కలవాలని కార్పొరేషన్ ఆఫీసుకు వెళ్ళింది. "కలవాలంటే ఎలా? చూడాలంటే చూసుకో" అని గోడ మీద ఫోటో చూపించారట. (నవ్వులు) మీరు నవ్వుతున్నారు, ఆమె కూడా నవ్వుతూనే వచ్చి మా వంటగది గుమ్మంలో నిలబడింది.

"అక్కా, నేను నామినేషన్ వేస్తున్నా."

"నీకేమైనా మతిపోయిందా? ఇంట్లో పిల్లలున్నారు."

"వాళ్ళు తాగేదీ ఆ నీళ్ళేగా."

పొయ్యి మీద కూర మాడిపోతోందని ఆమే వచ్చి దించింది.

నామినేషన్ వేసింది. పెద్దమనిషి రానే వచ్చాడు, కాఫీ బాగుందన్నాడు, బాబు స్కూలుకు ఒక్కడే నడిచి వెళ్తాడా అని అడిగాడు. ఆ సాయంత్రమే పిల్లల్ని వాళ్ళ అమ్మమ్మ దగ్గరికి పంపేశాం. పేరు వెనక్కి తీసుకునే గడువుకు ముందురోజు మా మరిదిని పని చేసే చోటి నుంచే కారెక్కించుకుని, ఊరంతా తిప్పి, జాగ్రత్తగా ఇంటి ముందు దింపారు. ఒంటి మీద చెయ్యి వేయలేదు. "రేపు పొద్దున్నే మీ ఆవిణ్ణి తయారుగా ఉండమను, మేమే ఆఫీసుకు తీసుకెళ్తాం" అన్నారట. మా మరిది చెప్పులతోనే లోపలికి వచ్చి మంచం మీద కూర్చుని, గ్లాసుడు నీళ్ళు అడిగి, తాగడం మర్చిపోయాడు. నేను అది చూశాను. దెబ్బలు తిన్నవాళ్ళను చాలామందిని చూశాను కానీ అంత భయపడ్డ మనిషిని చూడలేదు.

మర్నాడు పొద్దున దుప్పట్లు ఉతికే షెడ్డు వైపు నుంచి నా తోడికోడలు ఆసుపత్రిలోకి వచ్చింది. మొహం పాలిపోయింది.

"మధ్యాహ్నం గడువు దాటేదాకా నన్నెక్కడైనా పెట్టక్కా. వాళ్ళకు దొరికితే సంతకం పెట్టేస్తాను. పెట్టనని అనుకుంటున్నాను కానీ, పెట్టేస్తాను."

మగవాళ్ళు అడుగుపెట్టని గది నా చేతిలో ఒక్కటే ఉంది. ఆమెకు ఆసుపత్రి గౌను తొడిగాను, కడుపు మీద దిండు పెట్టి గుడ్డతో కట్టాను, నొప్పుల గదిలో మూల మంచం మీద పడుకోబెట్టి దుప్పటి కప్పాను. డాక్టరమ్మగారూ, అప్పుడు మీరు ఇక్కడ లేరు కాబట్టి దీనికి మీ బాధ్యత లేదు. నేనైతే ఇప్పటికీ అది తప్పు పని అనుకోవడం లేదు.

కానీ మా ఖర్మ, ఆరోజే మేడవారి కోడలికి నొప్పులు మొదలయ్యాయి. తమ ఇంటి పిల్లలు ఊరి ఆసుపత్రిలోనే పుట్టాలని మేయరుగారి తల్లిగారి పట్టుదల. కాసేపట్లో ఆ పెద్దావిడ చేతికర్రతో నొప్పుల గదిలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. బయట వరండా నిండా ఆ ఇంటి మనుషులు. వాళ్ళలో కాఫీ పెద్దమనిషి కూడా ఉన్నాడు. అతనికి ఎవరు చేరవేశారో, నేరుగా నా దగ్గరికి వచ్చాడు.

"లోపల ఎవరెవరున్నారు నర్సమ్మా?"

"పురిటి వాళ్ళు."

"ఒకసారి చూడాలి."

"చూద్దురుగాని, ముందు నొప్పులు రానివ్వండి."

(నవ్వులు) ధైర్యంతో అన్నాననుకోకండి. నోరు దాని దారిన అది అనేసింది. అతను నవ్వలేదు. నా భుజం మీదుగా లోపలికి చూస్తూ, "అమ్మగారూ, కుట్టు దుకాణం మనిషి లోపలుందేమో మీరే ఒకసారి చూసి చెప్పండి" అన్నాడు.

పెద్దావిడ లేచారు. ఒక్కో మంచం దగ్గర ఆగి, మొహం చూసి, ముందుకు కదులుతున్నారు. చేతికర్ర నేలకు తగిలిన ప్రతిసారీ మూల మంచానికి ఇంకెన్ని మంచాలున్నాయో లెక్కపెట్టుకుంటున్నాను. మూల మంచం దగ్గరకు వెళ్ళి దుప్పటి ఎత్తారు. దిండు అప్పటికే పక్కకు జారిపోయి ఉంది. నా తోడికోడలు కళ్ళు మూసుకోలేదు, ఆవిడ వైపే చూస్తోంది. ఒకరికొకరు కొత్తవాళ్ళు కారు. ఆవిడ జాకెట్లన్నీ కుట్టేది ఈమే. భుజం ఎంత వంగిందో, చెయ్యి ఎంత సన్నబడిందో ఆ ఇంట్లో వాళ్ళకన్నా ఈమెకే బాగా తెలుసు.

పెద్దావిడ దిండును సరిచేశారు. అవును, తన చేత్తో సరిచేశారు. దుప్పటి మళ్ళీ గడ్డం దాకా కప్పారు. "దీనికి ఇంకా టైముంది" అని, గుమ్మం దాకా నడిచి వెళ్ళి, "నొప్పులు పడేవాళ్ళు తప్ప లోపల ఎవరూ లేరు. ఆడవాళ్ళ అరుపులు వింటూ ఇక్కడ నిలబడటానికి మీకు సిగ్గుగా లేదూ? పొండి" అన్నారు.

వెళ్ళిపోయారు. గడువు దాటిపోయింది. మేడవారింట మనవరాలు పుట్టింది.

పాపను తుడిచి ఆవిడ ఒళ్ళో పెట్టినప్పుడు, ఎవరూ దగ్గర లేకుండా చూసి, "ఎందుకిలా చేశారమ్మగారూ?" అని అడిగాను. "నా జాకెట్లు రెండు దాని దగ్గరున్నాయి" అన్నారు. (నవ్వులు) నేను కూడా నవ్వాను. ఆవిడ నవ్వలేదు. పాపకు చుట్టిన గుడ్డ సర్ది, గొంతు తగ్గించి, "నేను బతికున్నంతకాలం ఇది నా కొడుకు చెవిన పడనివ్వకు. ఆ ఇంట్లో నాకూ భయమే" అన్నారు.

(ముందు వరసలో ఒకరిద్దరు మేయరుగారి వైపు తిరిగారు.)

మేయరుగారూ, మీరు నన్ను చూస్తున్న చూపు నాకు తెలుస్తోంది. తల్లిగారు పోయి ఏడాది దాటింది కనుక ఈ మాట ఇవాళ మీ ముందే చెబుతున్నాను, మీ చాటున చెప్పడం లేదు. ఆవిణ్ణి తక్కువ చేయడానికి కాదు. ఈ ఊళ్ళో నేను చూసినవాళ్ళలో...

(మైకు ఆగిపోయింది.)

మైకు పోయిందా? ఫరవాలేదు, ఎలక్ట్రీషియన్ తమ్ముడూ, నువ్వు కంగారుపడకు, నీ తప్పు కాదని నాకు తెలుసు. నొప్పుల గదిలో అరుపుల మీదుగా మాట్లాడిన గొంతు ఇది. వెనకవాళ్ళకు వినబడుతోందా? తలుపు దగ్గర తమ్ముళ్ళకు? వినబడితే చాలు.

ఆ తర్వాత ఏమైందో మీకు తెలుసు. ప్రచారం మొదలవగానే మా సందులో రోడ్డు తవ్వి కొత్త పైపులు వేశారు. ఇన్నేళ్ళూ మేమే వాళ్ళకు భయపడ్డాం, ఎదురుగా ఒక పేరు ఉండేసరికి వాళ్ళూ భయపడ్డారు, కుళాయిలో మంచినీళ్ళు వచ్చాయి. ఓటు వేయడం ఎలాగో తెలియని ముసలమ్మలు కూడా వరసలో నిలబడ్డారు. నా తోడికోడలు ఓడిపోయింది. ఆమెను దుకాణం ఖాళీ చేయమన్నారు, మరిదివాళ్ళు ఊరికి ఆ చివర ఇల్లు చూసుకున్నారు. నన్ను నొప్పుల గది నుంచి మందుల స్టోరుకు మార్చారు. చాలాకాలం ఇంటికి ఫోన్లు వచ్చేవి. ఎత్తితే ఎవరూ మాట్లాడరు, ఊపిరి మాత్రం వినబడుతుంది. ఇప్పటికీ ఫోను మోగితే మా ఆయన నా మొహం చూస్తారు, నేను ఆయన మొహం చూస్తాను.

మళ్ళీ ఎన్నికలొచ్చాయి. మా వార్డు మళ్ళీ ఏకగ్రీవమేనని అప్పుడే అంటున్నారు. ఉద్యోగంలో ఉన్నవాళ్ళు నిలబడకూడదు. నేను నిన్నటితో ఉద్యోగంలో లేను, డాక్టరమ్మగారు ఉత్తర్వు కూడా ఇచ్చేశారు. రేపు పొద్దున నామినేషన్ వేస్తాను.

(కలకలం)

కూర్చోండి, కూర్చోండి. మా ఆయనకు తెలుసు. రాత్రి అన్నం తినలేదు కానీ వద్దని అనలేదు. గెలుస్తానని కాదు. నాకు చాలా భయంగా ఉంది. ఆ రోజు దాచడానికి నా చేతిలో ఒక గది ఉంది. ఇప్పుడు స్టోరు తాళంచెవులు కూడా అప్పజెప్పేశాను, నన్ను దాచుకోవడానికి నాకు చోటు లేదు. అందుకే ఇంతమంది ముందు, మేయరుగారి ముందు చెబుతున్నాను. రేపు కారెక్కను, ఆటో ఎక్కను. ఇంటి నుంచి ఆఫీసు దాకా మార్కెట్టు వీధి గుండా నడిచే వెళ్తాను. నాకు ఓటు వేయమని ఇప్పుడు అడగను. దారిలో కనిపిస్తే పలకరించండి. పలకరించడానికి భయమైతే కిటికీలోంచి చూడండి, చూసినట్టు గుర్తుపెట్టుకోండి. ఉపసంహరించుకున్నానని ఎవరైనా చెబితే, ఆమె నోటితో చెప్పిందా అని అడగండి. అంతకన్నా మిమ్మల్ని కోరను.

ఎవరది, అక్కడ చెయ్యెత్తింది? లాండ్రీ అవ్వా! దించు, దించవే తల్లీ, నీ కొడుకు ఉద్యోగం కార్పొరేషన్‌లోనే. ఇవాళ్టికి దించు. (అవ్వ చెయ్యి దించలేదు.) ఏమిటే, నాతో నడుస్తావా? ఆ మోకాళ్ళతోనా? (నవ్వులు, చప్పట్లు) వద్దు, ఇంకెవరూ ఎత్తకండి. ఇక్కడ ఫోటోలు తీస్తున్నారు.

నన్ను ఇన్నాళ్ళు భరించిన మీ అందరికీ, నాకు మాట్లాడే అవకాశమిచ్చిన డాక్టరమ్మగారికి, చివరిదాకా కుర్చీలో కూర్చుని విన్న మేయరుగారికి కృతజ్ఞతలు. మా అవ్వ నెమ్మదిగా నడుస్తుంది కనుక రేపు కాస్త పెందలాడే బయల్దేరతాం. సెలవు.