తొమ్మిది పళ్ళ కంప్యూటరు

నా మాటల్లో నిజం ఎంతుంటుందని ఎవరన్నా అడిగితే, మా ఆడామె కాచే టీలో పాలెంతో అంత అని చెప్తాను. రంగు తిరగడానికి సరిపోతుంది.

నా పేరు చెంగయ్య. తిరుపతి నుంచి పుత్తూరు పోయే రోడ్డులో, వడమాలపేట ఇంకా రాకముందే, ఎడమచేతి పక్క ఒక రేకుల షెడ్డు, దాని ముందర ఒక టీ అంగడి ఉండేవి. షెడ్డులో నేను కార్లు రిపేరు చేసేవాణ్ణి. అంగడి నా భార్య నాగరత్నమ్మది. ఆమె టీ అమ్మేది, నేను కోతలు ఊరికే కోసేవాణ్ణి. రెండింటిలో ఏది బాగా పోయేదో చెప్తే ఆమెకు కోపమొస్తుంది.

ఇది రెండువేల నాలుగు నాటి మాట. అప్పటికి రోడ్డు మీద కార్లు మారిపోయినాయి. బానెట్ ఎత్తితే ముందర మాదిరి కార్బురేటర్ కనిపించేది కాదు. లోపల ఒక చిన్న కంప్యూటర్ కూర్చొని, పెట్రోలు ఎంత, గాలి ఎంత అని అదే చూసుకునేది. దాంతో మాట్లాడాలంటే మన చేతిలో ఇంకో కంప్యూటర్ ఉండాల. నా చేతిలో స్పానర్ ఉండె. జనం మా అంగట్లో టీ తాగి, కారును మాత్రం తిరుపతికి తోలుకొని పోయేవాళ్ళు. ఇంకో రెండు నెలలు ఇట్లే జరిగితే షెడ్డు మూసేసి, పలమనేరుకు పోయి బామ్మర్ది పాల వ్యాను తోలాల్సిందే. "బావా, డ్రైవరు సీటు తుడిపిచ్చి పెట్టినా" అని వాడు అప్పటికే కబురు పంపినాడు. వాడి ప్రేమకు నాకు చలిజ్వరం వచ్చింది.

అట్లాంటప్పుడు ఒక పొద్దున తిరుపతిలో ట్రావెల్స్ నడిపే ప్రతాప్ వచ్చి మా బెంచి మీద కూర్చున్నాడు. అతనికి నాలుగు కార్లు, నాలుగూ కొత్తవే. ఏడాది పొడుగునా వాటి రిపేరు ఒకే చోట ఇవ్వాలని చూస్తా ఉన్నాడు. ఆ నాలుగు కార్లు నా షెడ్డుకొస్తే పలమనేరు ఊసే ఉండదు.

"అన్నా, నీ కాడ కంప్యూటర్ ఉండాదంటనే?" అన్నాడు.

పక్కన టాక్సీ మునెయ్య టీ తాగతా ఉన్నాడు. అతని కారు నేను మొన్న కార్తీకంలో బాగు చేసిందే. సాక్షి కూడా ఉన్నాడు గదా అని నాకు ధైర్యమొచ్చింది. నాకు ధైర్యమొచ్చిందంటే నిజానికి కష్టకాలమొచ్చినట్టే.

"ఉండాదా అని మెల్లిగా అడుగుతావేందబ్బా! మద్రాసుకు పోయి తెచ్చినా. ఆడ పాత కంప్యూటర్ల బజారు, సందులో సందు, ఆ సందులో ఇంగో సందు. అంగడాయన పెద్దపెద్దవి తీసి ముందర పెట్టినాడు, తళతళా మెరస్తా ఉండాయి. నేను ఒకటన్నా ముట్టలా. ఎద్దును కొనేవాడు కొమ్ములకు పూసిన రంగు సూసి కొంటాడా? నోరు తెరిచి పళ్ళు సూస్తాడు. నేనూ ఒక్కొక్కదాన్నీ తిప్పి ఎనకపక్క సూసినా. కారు వైరు తగిలించాలంటే ఆడ తొమ్మిది పళ్ళ నోరుండాల, పళ్ళంటే పిన్నులు. కొత్తవాటికి ఆ నోరే లేదప్పా, అన్నీ బోసివే!"

"తొమ్మిదే ఉండాలనా?" అన్నాడు ప్రతాప్.

"తొమ్మిదే. ఎనిమిదుంటే ఎద్దు, తొమ్మిదుంటేనే కంప్యూటరు. కడాకు ఒక మూలన, దుమ్ముకొట్టుకొని, రెండు పంచాంగాలు ఒకదాని మింద ఒకటి పెట్టినంత లావుది కనిపించింది. అంగడాయన 'ఇదు ఎదుక్కుప్పా?', ఇదెందుకప్పా అని నవ్వినాడు. నేను నవ్వలా. ఎండలోకి తీసుకుపోయి సూసినా, అక్షరం కనపడతా ఉండాది. ఇంజిన్ పక్కన పెట్టాల్సింది గదా అని తొడమింద పెట్టుకొని గడగడా ఊపినా, ఆగిపోలా. తొమ్మిది పళ్ళూ ఏలితో తడిమి లెక్కపెట్టినా. ఆరువేలకు తెచ్చినా."

"పోయిన వారం ఎనిమిది వేలంటివే," అన్నాడు మునెయ్య.

"వస్తువు పాతబడేకొద్దీ రేటు తగ్గదా మునెయ్యా?"

ఇక్కడిదాకా దాదాపు నిజమే. ఇక్కడ ఆగి ఉంటే నేను మర్యాదస్తుణ్ణి. కానీ ప్రతాప్ కళ్ళు పెద్దవైనాయి. పెద్దవైన కళ్ళు కనబడితే వాటిని ఖాళీగా వదలడం నాకు చేతకాదు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? దాన్ని తొడమింద పెట్టుకొని బస్సెక్కినానా, నగరి కాడికొచ్చేసరికి బస్సు ఈడవలేక ఈడస్తా ఉండాది. నేను ఊరికే మూత తెరిచినా. వైరు కూడా తగిలించలా. బస్సు దాని మొగం సూసింది, అంతే, సర్దుకునింది. పుత్తూరు ఎప్పుడొచ్చిందో ఎప్పుడు పోయిందో ఎవురికీ తెలీదు. కండక్టర్ టికెట్లు కొట్టేది ముగియలా. దిగినోళ్ళ ఎనకాల పరిగెత్తి పరిగెత్తి కొట్టినాడు పాపం."

నాగరత్నమ్మ గ్లాసులు కడగతా అనింది. "వచ్చినాక రెండు దినాలు నడుం పట్టుకొని పడుకోనుంటివే."

"ఆ స్పీడుకే!" అన్నాను. "ఇంగ మునెయ్య కారు సంగతి విను. కార్తీకంలో తిరుమల ఎక్కతా ఉంటే మూడో మలుపు కాడ మిస్సింగ్ కొట్టి కొట్టి నిలబడిపోయింది. అవునా మునెయ్యా?"

"అవును."

"తెచ్చి నా షెడ్డులో పెట్టినావు. అవునా?"

"అవును."

"నేను కంప్యూటర్ తెరిచినా, వైరు తగిలించినా. అవునా?"

మునెయ్య టీ ఊదుకున్నాడు. అది అప్పటికే చల్లారిపోయిన టీ.

"రెండు కంప్యూటర్లూ మాట్లాడుకున్నాయప్పా. నాది అరవం, కారుది తెలుగు, మొదట్లో రోంత కష్టమైంది. ఆమీట కలిసిపోయినాయి. నేను పెట్రోలు ఇంత తగ్గించినా, గాలి ఇంత పెంచినా. మర్నాడు అలిపిరి కాడ స్టార్ట్ చేసినాం. స్పీడు చెప్తే నమ్మవు. కొండమిందికి చేరినాం, కారు నిలిపినాం, దిగి మొగం కడుక్కున్నాం. అప్పుడొచ్చిందబ్బా కిందినుంచి మా కారు సౌండు! మా ఎనకాలే బయల్దేరింది, అందుకోలేకపోయింది. మలుపు మలుపుకీ హారన్ కొట్టుకుంటా ఎక్కొస్తా ఉండాది. టోల్ గేటు కాడ ఆపేసినారంట. సౌండుండాది, కారు లేదు. టికెట్ దేనికి కొట్టాల?"

"ఏం చేసినారు మరి?"

"లగేజీ కింద రాసుకొని పంపించినారు."

ప్రతాప్ నవ్వి, అసలు ప్రశ్న అడిగినాడు. "పెట్రోలు?"

"అది మాత్రం అడగబాక. కిందికి దిగొచ్చి ముల్లు సూస్తే, పోయేటప్పుడు ఉండిందానికంటే రెండు లీటర్లు ఎక్కువుండాది! తగ్గించింది మరీ ఎక్కువైపోయింది. అప్పటినుంచీ మునెయ్య వారానికొకసారి ట్యాంకులోంచి ఒంపుకోవాల్సొస్తా ఉండాది. లేకుంటే మూత ఎగిరిపోతుంది."

ప్రతాప్ మునెయ్య పక్కకు తిరిగినాడు. "ఒంపింది ఏం చేస్తా ఉండావన్నా?"

"ఈయప్ప నోట్లోనే పోస్తా ఉండా," అన్నాడు మునెయ్య. "సూడు, ఆగకుండా నడస్తా ఉండాది."

అందరం నవ్వినాం. నవ్వు అయిపోయినాక ప్రతాప్ గ్లాసు కింద పెట్టి, "కతలు బాగుండాయన్నా. ఇంగ కంప్యూటర్ సూపించు," అన్నాడు.

నేను జంకలేదు. మీట నొక్కితే అది వెలుగుతుంది, ఆ మాత్రం నిజమే. లోపలికి పోయి సంచి తెచ్చి బెంచి మీద పెట్టినాను. ప్రతాప్ చేతికి ముందర వైరు తగిలింది. ఆ వైరుకు ఒక కొసన తొమ్మిది బొక్కల మూతి ఉంటుంది. కంప్యూటర్ తొమ్మిది పళ్ళూ పోయి కూర్చోవాల్సింది వాటిలోనే. అతను దాన్ని వెలుతురుకు పెట్టి చూసినాడు.

"ఇదేందన్నా, లోపలంతా పచ్చగా ఉండాది?"

నా గుండె ఒకసారి మిస్సింగ్ కొట్టింది.

నాగరత్నమ్మ చేతులు తుడుచుకుంటా వచ్చింది. "గంధం నాయనా. ఆయుధపూజకు నేనే పెట్టినా. ఆ పొద్దు స్పానర్లు, సుత్తులు, నా టీ గిన్నె, అన్నీ కడిగి బొట్టుపెట్టి, దినమంతా ముట్టకుండా వాటికి రెస్టు ఇస్తాం గదా. ఇది కొత్త ఆయుధమాయె. తొమ్మిది బొక్కలు సూస్తే నవగ్రహాల మాదిరి ఉండె. అగ్గిపుల్లతో ఒక్కొక్కదాంట్లో గంధం నింపి, మూతి పైపక్క కుంకం పెట్టినా. సూడు, ఇన్ని దినాలకు కూడా ఒకటన్నా చెదిరిందేమో!"

ఒకటీ చెదరలేదు. అదే నా ఖర్మ.

ప్రతాప్ మెల్లిగా అన్నాడు. "ఆయుధపూజ దసరాకు. మునెయ్యన్న కారు కార్తీకంలో. పళ్ళు ఈ బొక్కల్లోకి పోయుంటే గంధం ఇట్ల నిలుస్తుందా అన్నా?"

నాకు మాట రాలేదు. ఆ షెడ్డు పుట్టినప్పటినుంచి అట్లాంటిది జరగడం అదే మొదటిసారి. నాగరత్నమ్మ నా మొహం చూసింది, వైరు చూసింది, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునింది. "అయ్యో! నాతో ఒక మాట చెప్పకూడదా?"

"ఆ పొద్దు గంటసేపు కూర్చోని పెడితివి," అన్నాను. "పెట్టేటప్పుడు నీ పెదాలు కదలతా ఉండె. పలమనేరుకు పోకుండా సూడు సామీ అనే గదా మొక్కుకునింది? అది గీకి పారేసేదానికి నాకు చెయ్యి రాలా."

ఇది నిజం. పూర్తి నిజం కావాలంటే, గీకినా లాభం లేదు. ఆ కంప్యూటర్లో నాకు చదవను వచ్చేది 'ఓకే' అనే ఒక్క మాటే.

ప్రతాప్ లేచినాడు. కారు తాళాలు చేతిలోకి తీసుకున్నాడు. నాకు పలమనేరు పాల వాసన ముక్కుకు తగిలింది.

"కూర్చో ప్రతాపూ," అన్నాడు మునెయ్య. "మిగిలిందంతా ఏమన్నా కానీ, నా కారు కొండెక్కింది మాత్రం అబద్ధం కాదు."

"ఎట్ల ఎక్కింది మరి?"

"ఈయప్ప స్క్రూడ్రైవర్ మొన ఇంజిన్ మింద పెట్టి, పిడి చెవికి పెట్టుకొని, అరగంట అట్లే ఒంగోనున్నాడు. నోరు మూసుకొని విన్నాడబ్బా, నా కండ్లారా సూసినా. ఆమీట ఒక రబ్బరు పైపు పీకి, ఎంట్రుకంత పగులు సూపించినాడు. అది మార్చినాక ఈ పొద్దుటికీ బండి దగ్గలా."

ఆ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. స్క్రూడ్రైవర్‌తో బాగుచేసినానని చెప్పుకుంటే అందులో గొప్పేముంది?

ప్రతాప్ తాళాలు తిప్పుకుంటా రోడ్డు పక్కకు నడిచినాడు. తన కారెక్కి స్టార్ట్ చేసి, బానెట్ ఎత్తి, దూరంగా నిలబడినాడు. నేను స్క్రూడ్రైవర్ తెచ్చుకున్నాను. పిడి చెవికి ఆనించి కళ్ళు మూసుకున్నాను. నాగరత్నమ్మ పొయ్యి మీద టీ గిన్నె కూడా దించేసింది, ఆ సౌండు అడ్డం రాకుండా.

"గాలి పీలస్తా ఉండాది," అన్నాను చివరికి. "ఈడ, ఈ పైపు మూతి కాడ. క్లిప్పు వదులైంది. ఇంగొకటి, డ్రైవర్ సీటు కింద గాజు బాటిలొకటి టిక్కుటిక్కుమంటా ఉండాది."

క్లిప్పు బిగించినాను. ఇంజిన్ వణుకు ఆగింది. ప్రతాప్ పైపు కాడికి ఒంగి ఒంగి చూసినాడు కానీ, సీటు కిందికి మాత్రం చూడలేదు.

"బాటిల్ సంగతి ఎవురికీ చెప్పబాకన్నా," అన్నాడు. "ఈ బండి నీ కాడ ఒదిలి పోతా. ఒక నెల సూస్తా. బాగుంటే మిగిలిన మూడూ పంపిస్తా. కంప్యూటర్ మాత్రం బల్లమింద తెరిచి పెట్టుకో, మా బండెక్కే పార్టీలు సూసి సంతోషపడతారు."

మరుసటి ఏడు ఆయుధపూజ నాటికి మా షెడ్డు ముందర నాలుగు కార్లు వరసగా నిలబడి ఉన్నాయి, చక్రాల కింద నిమ్మకాయలతో. నాగరత్నమ్మ గంధం గిన్నె, అగ్గిపుల్ల పట్టుకొని అన్నిటికీ పెట్టుకుంటా వచ్చింది. కంప్యూటర్‌కు మూత మీద ఒక్క బొట్టు పెట్టి ఊరుకునింది. వైరు జోలికే పోలేదు. ఆమీట నా ముందర నిలబడి, "అసలు ఆయుధం యాడుండాది?" అనింది.

నేను కుడిచెవి ఆమె పక్కకు తిప్పినాను. అగ్గిపుల్ల చల్లగా తగిలింది.

బెంచి మీదినుంచి మునెయ్య అరిచినాడు. "నాగరత్నమ్మా, ఆ చేత్తోనే నోటిక్కూడా పెట్టెయ్! ఈ ఒక్క దినమన్నా దానికి రెస్టు దొరుకుతుంది."