ఓడకుండానే ఇంటికి వచ్చిన జట్టు: మా ఎబినేజర్ మాస్టారు

1991 జూలై ఒకటవ తేదీన మా కళాశాలలో వ్యాయామోపాధ్యాయులుగా చేరిన శ్రీ బొడ్డు ఎబినేజర్ గారు ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. బెంగాల్‌లోని మా ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపు ఫిట్టరు గారి కుమారుడిగా న్యూ సెటిల్‌మెంట్ క్వార్టర్లలో పెరిగిన వారు, గోల్‌పోస్టులకు వల కూడా లేని రోజుల్లో మైదానాన్ని దగ్గరుండి చదును చేయించి, తెలుగు, బెంగాలీ విద్యార్థులను ఒకే జట్టుగా తీర్చిదిద్దారు. అభినందన వ్యాసంలో ఆగ్రహం తగదంటారు పెద్దలు; కానీ 2023ను తలచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది, మన్నించాలి.

ఆ యేడు అంతర కళాశాల ఫుట్‌బాల్ లీగులో మా జట్టు ఒక్క ఆటా ఓడలేదు. చివరి ఆటలో గోల్‌కీపర్ తిమోతి చెయ్యి విరిగింది. ఆ డిసెంబరులోనే అమెరికా కళాశాలల ఫుట్‌బాల్‌లో, అప్పటిదాకా అన్నీ గెలిచిన ఫ్లోరిడా జట్టును, ముఖ్య ఆటగాడు గాయపడ్డాడు గనుక ఇది మునుపటి జట్టు కాదంటూ అక్కడి కమిటీ జాతీయ విజేతను తేల్చే పోటీలకు ఎంపిక చేయలేదు. మన లీగు కమిటీకి ఆ వార్త వేదవాక్కయింది! "అమెరికాలోనే అలా చేశారు" అంటూ, మాకు బదులు ఒకసారి ఓడిన జట్టును ఫైనల్‌కు పంపారు.

అలా తేల్చిన కమిటీ సమావేశంలో నేనూ ఉన్నాను. ఎబినేజర్ గారు లేచి, అధ్యక్షులవారిని బెంగాలీ తీరున అన్నగా సంబోధిస్తూ, "అమెరికావోళ్లు బంతిని సేత్తో ఒట్టుకుని పరిగెడతారు దాదా. రేపు మన కుర్రోళ్లనీ అలాగే ఆడమంటారేటి?" అన్నారు. అందరూ నవ్వారే గాని ఒక్కరికీ సిగ్గు కలగలేదు. "ఠీక్ హై, వచ్చే ఏడు చూద్దాం మాస్టారూ" అన్నారు అధ్యక్షులవారు. వచ్చే ఏడా! తిమోతికీ, సగం జట్టుకూ కళాశాలలో అదే ఆఖరి సంవత్సరం. మర్నాడు గోల్‌బజార్‌లో చేపల దుకాణదారు "ఎవుల సేతిలో ఓడిపోనారు మాస్టారూ?" అని అడిగితే, మాస్టారు చేపలు కొనకుండా ఖాళీ సంచీతోనే ఇంటికి తిరిగి వచ్చారు.

ఇప్పుడు అదే కమిటీ మాస్టారికి శాలువా కప్పుతుందట! ఎబినేజర్ గారు ఒక్కటే కబురు పెట్టారు: "మా కుర్రోళ్లు ఓడనేదని ముందు మైదానంలో మైకులో సెప్పండి. అప్పుడు కప్పండి." ఇంతవరకు జవాబు లేదు.

ఎబినేజర్ గారు, సతీమణి ఏంజలిన్ గారితో కలిసి ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్లు వర్ధిల్లాలని మా అందరి ఆకాంక్ష. కమిటీవారు ఎంతకాలం నాన్చుతారో నాన్చనీయండి. అంతకంటే ఒక్క రోజైనా ఎక్కువ బతికి, కుర్రాళ్లు ఓడలేదన్న ఆ మాటను మాస్టారు తమ చెవులారా వినాలి.