నలభయ్యో కుర్చీ

కరీంనగర్‌లో ఒక చిన్న ఐటీ కంపెనీ ఆఫీసు, మూడో అంతస్తు. శనివారం, సెలవు. పాత సామాను కొనే లక్ష్మీరాజం కుర్చీలు లెక్కపెడుతున్నాడు. తాళం తీసిన టీమ్ లీడర్ మహిమ పక్కనే నిలబడింది. మూతపడ్డ కొట్లలో ఇరవై ఏళ్లుగా సామాను ఎత్తుతున్నవాడు కనుక, ధర కట్టేముందు గోడల మీద ఏం మిగిలిందో ఒకసారి చూడడం అతనికి అలవాటు.

“...ముప్పై ఎనిమిది, ముప్పై తొమ్మిది, నలభై. చూడు బిడ్డా, నలభై ఉన్నయి. మీ మేనేజర్ ప్రేమ్‌చంద్ సారు రాసిచ్చిన చిట్టిల ముప్పై తొమ్మిదే ఉన్నది.”

“ఒకటి ఇరిగింది కాకా.”

“ఏది ఇరిగింది? అన్నిట్ల కూసోని లేసిన. అన్నీ మంచిగనే తిరుగుతున్నయి.”

“అయితె సారు తప్పు రాసిండేమో. ముప్పై తొమ్మిదే తీసుకపోండ్రి.”

“తప్పు రాసే మనిషి కాదు మీ సారు. కిటికి పరదలు సుత కొలిచి రాసిండు. ఒకటి ఎక్కువుంటె నాకే లాభం, అయినా అడుగుతున్న. సరే, కొత్త కుర్చీలు ఎన్నడొస్తయి?”

“వస్తయి.”

“ఎన్నడు?”

“వస్తయన్నరు కాకా. మీరు పాతయి చూసుకోండ్రి జర.”

“చూస్తున్న. బల్లలు ఇరువై. ఏసీలు నాలుగు. నీళ్ల ఫిల్టరు ఒకటి. తలుపు మీది పేరు బోర్డు ఒకటి... పేరు బోర్డు ఎందుకమ్ముతుండ్రు? పేరు మారుస్తుండ్రా?”

“నాకేమెరుక? కొత్తది పెట్టిస్తరేమో.”

“నీళ్ల ఫిల్టరు?”

“అది సుత కొత్తదే తెస్తరేమో.”

“ఇల్లు మారెటోడు పొయ్యి ఎంట తీసుకపోతడు. ఇల్లు ఎత్తేసెటోడే పొయ్యి అమ్ముతడు. గీ బేరంల నేను నేర్సుకున్నది గింతే.”

“ఎత్తేసుడు ఎందుకుంటది కాకా? ఆఫీసు పెద్దగయితుంది. నన్ను ట్రైనర్‌ను చేసిండ్రు, ఎరికేనా మీకు?”

“మంచిదే. ఏం పని నేర్పుతవు?”

“అమెరిక దవాఖాన్ల బిల్లుల పని. పేషెంటుకు ఏ రోగం, ఏం చేసిండ్రు, బీమా కంపెనీ దేనికి ఒప్పుకుంటది, దేనికి ఒప్పుకోది. తిప్పికొట్టిన బిల్లును మల్ల ఎట్ల పంపాలె. మూడేండ్ల సంది మేమే చేస్తున్నం.”

“ఎవలకు నేర్పుతున్నవు? మన ఊరి పోరగాళ్లకా?”

“కాదు, ఫిలిప్పీన్సోళ్లకు. కంప్యూటర్ల కనబడుతరు. నేను చేసుకుంట పోతె వాళ్లు చూసి రాసుకుంటరు. మర్యాద గలోళ్లు కాకా, మాటకు ముందు మేడమ్, మాటకు ఎనుక మేడమ్.”

“నేర్సుకునెటప్పుడు అందరు మర్యాద గలోళ్లే. ఎందరు?”

“...నలభై మంది.”

“నలభై.”

“అవు.”

“ఈడ కుర్చీలెన్ని బిడ్డా?”

“ముప్పై తొమ్మిది.”

“నలభై.”

“మీకు కుర్చీల ముచ్చట తప్ప ఇంకోటి లేదా?”

“ఉన్నది, విను. మా బాపు నాగయ్య జమ్మికుంట మార్కెట్ యార్డుల పత్తి చూసెటోడు. పిడికిట్ల పట్టుకొని తేమ గింత అంటె గంతే. తేమ చూసే మిషిన్ తెచ్చినోళ్లు మొదట్ల దాన్ని నమ్మలే. బాపును కుర్చీల కూసోబెట్టి, ఆయన చెప్పింది ఒకదిక్కు, మిషిన్ చెప్పింది ఒకదిక్కు రాసుకున్నరు. ఒక సీజనంత గదే పని. బాపు ఎంత మురిసిండో! మిషిన్‌కే పంతులునైన అని ఊరంత చెప్పుకున్నడు.”

“మంచిగనే ఉన్నది కద.”

“రెండు లెక్కలు ఒక్కటైనయి. తెల్లారి పోతె కుర్చీ లేదు. ఎవలన్నా పిలుస్తరేమోనని పగటీలి పన్నెండింటి దాక నిలవడి ఇంటికొచ్చిండు.”

“మాకు నేర్పినాయన సుత ఉండె కాకా. అమెరికాయన, డెన్నిస్. మా బాపంత వయసు. రెండు నెలలు నేర్పిండు. అడిగిందే అడిగినా ఇసుక్కోలే.”

“గాయన ఇప్పుడేం జేస్తుండు?”

“తెల్వది.”

“అడుగలే?”

“ఆఖరు దినం కెమెరా బందు చేసుకొని మాట్లాడిండు. గొంతు ఎట్లనో ఉండె. మేము జలుబనుకున్నం... ఆగుండ్రి కాకా, ఫోన్. హలో జోయల్, చెప్పు... పోయినవా? కాయిదం ఇచ్చినవా?... ఇంట్ల లేడా? సరే, ఆన్నే నిలవడు. జరాగి నేనే చేస్త.”

“ఎవలు బిడ్డా?”

“మా మేనమామ మోషే కొడుకు. శ్రీరాంపూర్ల బొగ్గు లారీలు తూచే కాంట కాడ పని చేస్తడు. అది మానేసి సోమవారం ఈడ చేరుతుండు. మానేస్తున్నట్టు కాయిదం పట్టుకొని కాంట్రాక్టరు ఇంటి ముంగట నిలవడ్డడు.”

“ఈడ చేరుతుండా? ఎవలు పెట్టిచ్చిండ్రు?”

“మా అవ్వ సాక్ష్యం చెప్పింది.”

“సాక్ష్యమా? ఏం కేసు?”

“కేసు కాదు కాకా! మా చర్చిల ఆదివారం లేసి, దేవుడు చేసిన మేలు పదిమంది ముంగట చెప్తరు. మా మహిమ సముద్రం అవుతలోళ్లకు పాఠం చెప్తుందని లేసి చెప్పింది అవ్వ. లక్సెట్టిపేట సంఘమంత చప్పట్లు. బయటికి రాంగనే మోషే మామ చేతులు పట్టుకున్నడు, డిగ్రీ చదివి బొగ్గు దుమ్ముల కూసుంటుండు, మావోన్ని సుత నీ కాడ ఏసుకో బిడ్డా అని.”

“ఆ కాంట పని ఇడిసిపెడితె మల్ల దొరుకుతదా?”

“యాడ దొరుకుతది? ఆ జాగకు యాభై మంది ఎదురు చూస్తుండ్రు.”

“అయితె ఇగ విను. ముప్పై తారీకు దాక ఎవలకు చెప్పనని మీ సారుకు మాటిచ్చిన. మాట పోతె నా అసోంటోనికి బేరంల ఏం మిగలది. అయినా చెప్తున్న. ముప్పై తారీకు పొద్దుగాల నా లారీ వస్తది. పగటీలికల్ల గీ జాగ తాళంచెవి బిల్డింగోళ్లకు పోతది. కొత్త కుర్చీలు లేవు, ఏం లేవు. మీ పని సముద్రం దాటుతుంది. నీతోనే దాటిపిస్తుండ్రు.”

“మెల్లగ కాకా.”

“ఎవలున్నరు ఇనెటందుకు? ఇయ్యాల ఎనిమిదో తారీకు. ఇరువై దినాల కొలువుకు ఆ పోరడు ఉన్నది పోగొట్టుకుంటడు. ఇంక కాయిదం చేతులనే ఉన్నది కద? ఫోన్ చెయ్యి.”

“చేస్త.”

“ఎప్పుడు? ఇప్పుడే చెయ్యి, నా ముంగట.”

“...హలో జోయల్. ఆ. కాంట్రాక్టరు వచ్చిండా?... కాయిదం నీ కాన్నే ఉన్నదా?... విను... ఏం లేదు. ఇచ్చెయ్యి. అవు, ఇచ్చెయ్యి. సోమవారం తొమ్మిదింటికి రా. ఇస్త్రీ అంగి తొడుక్కో, కెమెరాల కనబడుతవు... మామను ఫికర్ చెయ్యొద్దను. ఉంట.”

“ఏం పిల్లవే నువ్వు! నేను చెప్పింది సమజ్ కాలేదా?”

“అయింది. నెల కిందనే అయింది.”

“నెల కిందనా? నీకు ఎరికేనా?”

“నేర్పుడు అయిపోయెదాక పని ఇచ్చిన అమెరిక కంపెనోళ్లు దినాం కెమెరాల చూస్తరు. ఒక్క జాగ సుత ఖాళీ కనబడొద్దన్నరు. సిద్దిరాములు ఎట్లనో పసిగట్టి మొన్న మానేసిండు. ఆ జాగ నింపుమని నాకు చెప్పిండ్రు.”

“గందుకు సొంత మేనమామ కొడుకునా? ఏమిస్తమన్నరు బిడ్డా నీకు?”

“చిట్టిల తప్పు లేదు కాకా. ముప్పై తొమ్మిదే రాసుకోండ్రి. నలభయ్యోది నాది. ముప్పై తారీకు దాటినంక నన్నొక్కదాన్ని ఇంటికాడ ఏసుకొని పని చేసుకొమ్మన్నరు.”