ముందు కారు ఎందుకు తగ్గాలి

తలుపు తీయకపోతే మానండి బావగారూ, నాకేం రైలు తప్పిపోవట్లేదు. సామర్లకోట నుంచి తుని దాకా నిలబడే వచ్చాను, మీ అరుగు మీద కూర్చోడానికి నాకేం కష్టం? కానీ ఒక్క మాట. ఇంటికొచ్చిన వియ్యంకుణ్ణి బయట కూర్చోబెట్టి గదిలో గెడ పెట్టుకోవడం, ఇది ఏ ఊరి మర్యాదండి?

లోపలే ఉన్నారని నాకు తెలుసు. ఇప్పుడే ఫ్యాను స్పీడు పెంచారు. నా మాట వినపడకూడదనేగా? పెంచుకోండి. పొలం గట్టు మీద నిలబడి అవతల గట్టు మీదోణ్ణి పిలిచిన గొంతు ఇది. మీ ఫ్యానుకి లొంగుతుందా?

మీ ఆవిడ, లోవమ్మ చెల్లెమ్మ మాత్రం కాఫీ ఇచ్చింది. గ్లాసు నా చేతిలో పెట్టి, "అన్నయ్యగారూ, మీరూ మీరూ చూసుకోండి, నన్ను మధ్యలోకి లాగకండి" అని వంటింట్లోకి వెళ్లిపోయింది. కాఫీలో పంచదార తక్కువైంది. అది మరుపో, మీ ఆర్డరో నేనడగను.

అసలు లోకంలో వియ్యంకులు దేనికి తగువులాడుకుంటారండి? పందిట్లో కుర్చీ వెయ్యలేదనో, పప్పులో నెయ్యి చాల్లేదనో. మనం దేనికి ఆడుకున్నాం? ఎక్కడో సముద్రాల అవతల ఎవరో కార్ల పందెం పెట్టుకుంటే. మా ఊళ్లో అడుగుతున్నారు, "ఏం అచ్చిబాబుగారూ, వియ్యంకుడు పల్లంరాజుగారితో మాటల్లేవంట, ఏంటి సంగతి" అని. ఏం చెప్పమంటారు? ఆగలేక ఒకాయనకి చెప్పాను, టైర్ల దగ్గర తేడా వచ్చిందండి అని. "ట్రాక్టరు టైర్లా, బండి టైర్లా?" అన్నాడు. ఆయనకి నేనేం విడమరచి చెప్పను?

నేనైతే వచ్చేవాణ్ణి కాదు. ఆ సంగతి ముందే చెప్తున్నాను. సాయిదుర్గ పంపింది. నాకు కూతురు, మీకు కోడలు, మనిద్దరికీ యజమానురాలు. గురువారం శ్రీమంతం కదండీ. గాజులు కొన్నారు, చలిమిడి చేస్తున్నారు, వీధి వీధంతా పిలిచారు. పిల్ల ఏమందో తెలుసా? "నాన్నా, నువ్వూ మావయ్యగారూ పక్కపక్కన నిలబడి అక్షింతలు వేస్తానంటేనే నేను పీట మీద కూర్చుంటాను. లేదంటే ఆ గాజులు మీ ఇద్దరే తొడుక్కోండి" అంది. ఆ మొండితనం ఎవరిదని మాత్రం అడక్కండి.

దగ్గారా? దగ్గినట్టు వినపడింది. నవ్వైతే నవ్వండి, దగ్గు పేరు పెట్టకండి.

సరే, మీ హాల్లో టీవీలో పందెం చూసిన ఆ ఆదివారం సంగతి మీ వైపు నుంచి మీ వీధంతా చెప్పుకున్నారు. ఇప్పుడు నా వైపు నుంచి వినండి. వింటే పోయేదేం లేదు.

ఎర్ర కార్లు రెండు, ఒకే కంపెనీవి. ముందు కారు తోలేది మా ముసలాయన. ముసలాయనంటే నలభై ఉంటాయి, ఆ పందెంలో నలభై అంటే మనకి ఎనభై లెక్క. ఆ పేరు నాకు నోరు తిరగదు. టీవీలో పక్కన మూడేసి ఇంగ్లీషు అక్షరాలు పేర్చి పెడతారు. నేను రాత్రిబడిలో దిద్దుకున్నది అ ఆ లు, అవి నాకు కొరుకుడు పడవు. పసుపు హెల్మెట్టు చూసి మావాణ్ణి ఆనవాలు పడతాను. వెనక కారులో తెల్ల హెల్మెట్టు, మీరు పక్షం కట్టిన మీ కుర్రాడు. వాళ్లిద్దరికీ వెనకాల దూరంగా నీలం కారు.

మీ కుర్రాడు మధ్యలో ఆగి కొత్త టైర్లు వేయించుకుని తరుముకుంటూ వచ్చాడు. మా ముసలాయన ఆగకుండా పాత టైర్లతోనే లాగుతున్నాడు. అరిగిపోయాయని మొదట కనిపెట్టింది ఎవరు? మీ పక్కింటి లారీ గణేష్‌బాబు. "టైర్లు అయిపోయాయండి, ఇంక నిలవదండి" అన్నాడు. నేనన్నాను, "ఒరే, నీ లారీ టైర్లకి గాడన్నది చూసి ఎన్నాళ్లయింది? నువ్వు ఆ గుండు టైర్ల మీదే కొబ్బరికాయల లోడేసుకుని విశాఖపట్నం పోయొస్తున్నావు. అతను ఖాళీ బండి, ఒక్కడే మనిషి, అతనికేం రోగం?" అందరూ నవ్వారు. మీరు కూడా నవ్వారు, నేను చూశాను. అంతవరకు సంసారపక్షంగానే ఉన్నాం.

ఇంతలో కార్లో పెట్టిన రేడియోలో మా ముసలాయనతో ఆ కంపెనీ పెద్దమనిషి మాట్లాడాడు. మనకర్థం కాలేదని మీ అబ్బాయి, మా అల్లుడు ఉదయ్‌కుమార్ తెలుగులో చెప్పాడు. "కాస్త పక్కకి జరిగి వెనకవాడికి దారివ్వు" అన్నాడంట. ప్లీజని కూడా అన్నాడంట. దానికి మా ముసలాయన ఏమన్నాడు? ఏమీ అనలేదు. మీరిప్పుడు గదిలో ఎలా ఉన్నారో, సరిగ్గా అలాగ. వినపడుతుంది, పలకడు. దారీ ఇవ్వడు.

నాకు ఒళ్లు పులకరించిందండి. అబద్ధం ఎందుకు?

మీరేమో, "తగ్గాలండి, టీము ముఖ్యం. వెనకోడికి కాళ్లలో బలముంది, వాణ్ణి వదిలితే కప్పు ఇంటికే వస్తుంది. దీన్ని స్ట్రాటజీ అంటారు" అన్నారు. మిల్లు నడిపినవారు, నాలుగు రకాల మనుషులతో పని చేయించినవారు, మీ లెక్క మీకుంటుంది, కాదనను. నేనూ ఒక జత ఎడ్లని పందేలకి తోలినవాణ్ణే. ఎప్పుడూ గెలవలేదు, అది వేరే సంగతి. నేనడిగాను, "దాపటెద్దుని ఆగమని వలపటెద్దుని పొమ్మంటే బండి ఎక్కడికి పోతుందండి? తిన్నగా కాలవలోకి." మీరు ఎంత చల్లగా అన్నారో గుర్తుందా? "అక్కడ ఒక్క బండే బావగారూ, ఇక్కడ రెండు."

నేను గొంతు పెంచేశాను. సమాధానం లేనప్పుడే కదండీ మనిషికి గొంతు పెరిగేది.

ఈలోగా ఏమైంది? మలుపులో మనవాళ్లిద్దరూ పక్కపక్కన. ఇతను దారివ్వడు, అతను దారి అడగడం మానడు. ఒకణ్ణొకడు చూసుకుంటూ ఇద్దరూ రోడ్డు పక్కకి జరిగిపోయారు. ఆ నీలం కారువాడు వంటింట్లో పిల్లిలాగ సందులోంచి దూరి, పాలు తాగేసి వెళ్లిపోయాడు. వాడికి కప్పు, మనకి బురద.

ఇంక చూడాలి మీ హాల్లో. మీరేమో మా ముసలాడు తగ్గుంటే అంటారు. నేనేమో మీ కుర్రాడు ఓపిక పట్టుంటే అంటాను. గణేష్‌బాబు మధ్యలో దూరి, "అసలు ఇద్దరిదీ తప్పు కాదండి, తిన్నటి రోడ్డు మీద ఎర్ర కారు ఆయాసపడుతుందండి, ఇంజనులో పస లేదు" అంటాడు. "ఇంజను కాదురా, బెల్టు జారిన మిల్లులాగ బలం చక్రానికి అందట్లేదు" అని మీరంటారు. "స్పీడు కోసం కారుకి పెట్టే వెనక రెక్క తెరుచుకోవడం ఆలస్యమైంది" అని ఉదయ్ అంటాడు. కారు చేసినవాడు కూడా దాని గురించి అంత ఆలోచించి ఉండడు. పెసరట్లు చల్లారిపోయాయని చెల్లెమ్మ లోపల్నించి అరుస్తోంది, వినే నాథుడు లేడు.

అంతా బానే ఉందండి. ఎంత బావుందో. అప్పుడు మీరొక మాటన్నారు.

నవ్వుతూనే అన్నారు. "తగ్గడానికి కూడా గుండె ఉండాలి బావగారూ. అది అందరికీ ఉండదు" అన్నారు.

నాకు ఎక్కడో కాలింది. తగ్గడం గురించి నాకు చెప్తారా? పిల్లల పెళ్లికి మేం పగటి ముహూర్తం అనుకున్నాం, మీరు రాత్రిది అన్నారు, సరేనండి అన్నాను. సామర్లకోటలో హాలు చూసుకున్నాం, మీ చుట్టాలకి దూరమని తునిలో అన్నారు, సరేనండి అన్నాను. మా ఆవిడ బూరెలంటే మీరు కాజాలన్నారు. సరేనండి. పంతులుగారు మీవారే, సన్నాయి మీవారే, ఆఖరికి నా పంచె అంచు కూడా మీవాళ్లే ఎంచారు. మీరు చెడ్డవారని కాదు. ఎప్పుడూ గట్టిగా కూడా అడగలేదు. "ఎలాగంటారు బావగారూ" అనే అడిగారు. కానీ ఆడపిల్ల తండ్రి ఎలాగంటాడండి? ఊఁ అంటాడు. ముందున్నా వెనకున్నా, దారివ్వాల్సిన కారు వాడిదే కదా.

అందుకని అనేశాను. "మీకేం తెలుసండి తగ్గడం, జన్మలో ఒక్కసారైనా తగ్గారా?" అని. గణేష్‌బాబు ముందు, మీ వీధివాళ్ల ముందు, అల్లుడి ముందు. తప్పే. కానీ 'అండి' పెట్టే అన్నాను. అది మాత్రం గుర్తు పెట్టుకోండి. అంత కోపంలోనూ 'అండి' వదల్లేదు.

మీరు పెసరట్టు ప్లేటు కింద పెట్టి, టీవీ కట్టేసి, లోపలికి వెళ్లి గెడ వేసుకున్నారు. ఒక్క మాట తిరిగి అనలేదు. ఒక్క మాటంటే ఎంత బావుండును. ఇద్దరం చెరొకటి అనుకున్నట్టు ఉండేది.

తర్వాతి పందెం మా ఇంట్లో చూశాను. ఉదయ్ ఫోను నుంచి టీవీలోకి ఎలా పంపించాలో చూపించాడు, మా ఆవిడ నొక్కింది. మా ముసలాయన ఎంత బాగా తోలాడనుకున్నారు. వెనకనుంచి ఒక్కొక్కణ్ణీ దాటుకుంటూ మూడోవాడుగా వచ్చాడు. నేను ఆనందం పట్టలేక పక్కకి తిరిగి, "చూశారా బావగారూ" అన్నాను.

పక్కన బియ్యం డబ్బా ఉంది.

మా ఆవిడ, "దానితో పెట్టుకోండి తగువు, అది ఎదురు చెప్పదు" అంది. టీవీ కట్టేశాను. బహుమతులిచ్చేది కూడా చూడలేదు.

బావగారూ, ఉన్నారా? ఫ్యాను ఆపేశారేంటి? కరెంటు పోయిందా, వింటున్నారా?

ఏదైతే అదైంది, చెప్పేస్తాను. నాకు ఆ ఎర్ర కారూ లేదు, ఆ ముసలాయనా లేడు. మొదటిరోజు మీరు కుర్రాడన్నారు, అందుకని నేను ముసలాడన్నాను. మీరు ముసలాడని ఉంటే నేను కుర్రాడనేవాణ్ణి. నీలం కారంటే పచ్చకారనేవాణ్ణి. మీ దగ్గర అన్నిటికీ ఊఁ అనీ అనీ, ఉహూఁ అనడానికి నాకొక చోటు దొరికింది, మీ టీవీ ముందు. అక్కడ నేను ఆడపిల్ల తండ్రిని కాను, మీరు మగపిల్లాడి తండ్రి కాదు. ఇద్దరం చెరో కారు. దానికోసమే ఆదివారం ఎప్పుడొస్తుందా అని వారమంతా చూసేవాణ్ణి. మా ఆవిడకి మాత్రం మనవరాలో మనవడో పుట్టేలోగా కూతుర్ని చూడ్డానికి వెళ్తున్నానని చెప్పేవాణ్ణి. మా ఊళ్లోనే ఉన్న అమ్మాయి ఇంటి ముందు నుంచే నడిచి స్టేషన్‌కెళ్లి, రైలెక్కి ఇక్కడికొచ్చేసేవాణ్ణి.

కాబట్టి వినండి. ఒక్కసారే అంటాను. రైల్లో నిలబడి దారంతా ఈ మాటే మోసుకొచ్చాను, ఇది దింపేస్తే నాకు తేలిక.

మీదే కరెక్టు. ముందు కారు తగ్గాలి. టీము ముఖ్యం. మా ముసలాయనకి బుద్ధి లేదు, ఆయన్ని వెనకేసుకొచ్చిన నాకూ లేదు. చాలా? ఇంకేమైనా కలపాలా?

అదిగో, గెడ. తీశారు.

రండి, రండి. ఏంటా గడ్డం? గురువారానికి ఇలాగే వస్తారా? కూర్చోండి. చెల్లెమ్మా, ఆయనకీ ఒక కాఫీ. ఈసారి పంచదార వెయ్యి.

ఏంటండీ? మళ్లీ అనండి.

తగ్గకూడదా? ఎవరు, ముసలాయనా? ఇప్పుడేగా నేను తగ్గాలన్నాను. మీరేగా తగ్గాలన్నది. మళ్లీ చూశారా? పందెమంతానా? టైర్లు అంత అరిగినా ఆ మలుపు దాకా కారు నిలబడిందా? కుర్రాడే తొందరపడ్డాడా? అయ్యా, అదంతా నాకు తెలీదు. నేను ఒప్పేసుకున్నాను, చెల్లెమ్మే సాక్షి. ఇప్పుడు నా మాట నాకు తిరిగిచ్చేస్తే నేనెక్కడ పెట్టుకోను?

ఎప్పుడు? నిన్ననేనా? ఉదయ్‌కి ఫోన్ చేసి "మీ మావగారిదే కరెక్టు" అని చెప్పారా? మరి వాడు నాకు చెప్పలేదేంటి? పొద్దున్న స్టేషన్లో నన్ను రైలెక్కించింది వాడే. చెయ్యి కూడా ఊపాడు. వాడు ఏ టీమో ఇప్పుడర్థమైంది.

మరి నిన్ననే తగ్గితే ఈ గెడెందుకండి? నన్ను ఇంతసేపు బయట కూర్చోబెట్టి... ఏంటి? ముందు మాట ఎలా కలపాలో తెలియకా? నేనంటుంటే వినడానికి బావుందా? బావుంటుంది, ఎందుకు బావుండదు.

లేదండి, ముసలాయన తగ్గాల్సిందే. లేదు, లేదు, మీరు ఎన్ని చెప్పినా నేను ఒప్పుకోను. నేను పెద్దవాణ్ణి, నేను ఓడాలని వచ్చాను, నన్ను ఓడనివ్వండి. కుర్రాడిది అణుమాత్రం తప్పు లేదు. గణేష్‌బాబుని పిలవండి, తేలుద్దాం.

సరే, అది సాయంత్రం చూసుకుందాం. ముందు పిల్లకి ఫోన్ చేసి చెప్పండి, గురువారం ఇద్దరం వస్తున్నామని. అక్షింతలు ముందు మీరు వెయ్యండి. మగపిల్లాడి తండ్రి, మీ తర్వాత నేను. కాదా? ముందు నేనా? ఎందుకండీ, ఆనవాయితీ ఉంది కదా. పిల్ల తండ్రికే మొదటి హక్కని ఎవరన్నారు? ఇప్పుడు మీరన్నారా?

అంటే అందరి ముందూ నాకు దారిచ్చి పక్కన నిలబడతారన్నమాట. ఊరంతా "పల్లంరాజుగారు ఎంత పెద్దమనిషండి, ఎలా తగ్గారో చూడండి" అనుకుంటుంది. నేను రైల్లో నిలబడి మోసుకొచ్చిన తగ్గడం ఎవరికీ కనపడదు.

తగ్గడంలో కూడా మీరే ముందుండాలా బావగారూ?

కానివ్వండి. ఆడపిల్ల తండ్రిని, ఏమంటాను. సరేనండి.