దంగోలా దారిలో ఎదురుగాలి

రెండు వేల పన్నెండు, చలికాలం. మన వాదీ హల్ఫా నుంచి దక్షిణాన దంగోలాకి, ఎడారి దారిన, ముప్పై మంది సైకిళ్ల మీద బయలుదేరారు. అందరూ ఖార్తూమ్ కుర్రాళ్లు. వాళ్లందరికీ ముందు తొక్కింది ఎవరు? నేను. ఈ సాతీ.

"పోయిన వారమే చెప్పావు కదన్నా ఇది," అంది కొట్టు నడిపే బతూల్, చాయ్‌లోకి అల్లం దంచుతూ.

పోయిన వారం సగమే చెప్పాను. పాలు పొంగాయని నువ్వే మధ్యలో లేచి వెళ్లావు. ఇవాళ మొత్తం వినండి. ముఖ్యంగా నువ్వు, ఫిక్రీ. రేపు పొద్దున మన ఊరి కుర్రాళ్లని వెంటేసుకుని అదే దారిన పోతున్నావు. ముందు తొక్కడానికి దారి తెలిసిన మనిషి కావాలంటావు. ఎదురుగా నేను కూర్చుని ఉంటే ఆ దహబ్ వైపు చూస్తావేం? వాడు లారీ తోలేవాడు. వాడికి సైకిలే లేదు.

"దారి తెలుసుగా మామా," అన్నాడు దహబ్.

దారి మా గాడిదకీ తెలుసు. బతూల్, పొయ్యి పక్కన ఆ రేకు కాస్త జరుపమ్మా, కాళ్లు చాపుకోవాలి.

"జరిపితే గాలికి నిప్పులొచ్చి నీ ఒళ్లో పడతాయి."

సరే, ముడుచుకునే చెబుతాను. పెద్దవాడు కాళ్లు చాపుకునే చోటు కూడా లేదు ఈ ఊళ్లో. ఎక్కడ ఆపాను? ఆ, కుర్రాళ్లు. మధ్యాహ్నం దాకా నా ప్రాణాలు తోడేశారు. ఒకడికి సీటు గుచ్చుకుంటుంది. ఇంకొకడు గుక్కెడు నీళ్లు తాగడానికి నాలుగుసార్లు ఆగుతాడు. మరొకడు ఒంటె కనిపిస్తే చాలు, దిగి దాని పక్కన నిలబడి ఫొటో. చివరికి ఒంటెకే విసుగొచ్చి మొహం తిప్పుకుంది. దారిలో చాయ్ గుడిసె దగ్గర రొట్టె, ఉడికించిన ఫూల్ చిక్కుడు గింజలు తిని, గోడ నీడన ఓ కునుకు తీశాం. లేచి సైకిల్ ఎక్కానో లేదో, మొహాన గాలి!

మామూలు గాలా? ఈడ్చి కొట్టింది. కుర్రాళ్లు బెదిరిపోకూడదని నేను వీపు వెడల్పు చేసి ముందు తొక్కుతున్నాను. ముప్పై మందీ నా చాటున, దారానికి పూసలు గుచ్చినట్టు, ఒకడి వెనక ఒకడు.

"వెనక్కి తిరిగి చూశావా మామా?" అన్నాడు ఫిక్రీ.

చూసే తీరిక ఎక్కడిది? వెనక ఎవరున్నారో వీపుకి తెలియదూ? మధ్యలో అడ్డం రాకండిరా బాబూ, దారి తప్పుతుంది. ఆ గాలికి నా తలపాగా ఊడి ఎగిరింది. తొమ్మిది మూరల బట్ట. ఎక్కడ పడిందో తెలుసా? ఇక్కడ, హల్ఫాలో, మా ఇంటి దండెం మీద! మా ఆవిడ తనే ఉతికి ఆరేశాననుకుని మడత పెట్టింది కూడా. రోడ్డు పక్క బోర్డుల మీద అక్షరాలు ఊడొచ్చి నా గడ్డానికి అతుక్కున్నాయి. దంగోలా ఇంకెంత దూరమో తెలియాలంటే నా గడ్డం చదువుకోవాల్సిందే.

ఆ తర్వాత ఏమైందో తెలుసా? నా చాటున హాయిగా ఉందని కుర్రాళ్లు తొక్కడం మానేసి నిద్రపోయారు. సైకిళ్లు వాటంతటవే నా వెనక వస్తున్నాయి. అది చూసి ఒక ఒంటెల మంద వరసలో చేరింది. ఒంటెల వెనక ఒక లారీ. ఇంజను కట్టేసి మరీ వచ్చింది.

"ఎవడి లారీ?" అన్నాడు దహబ్.

నీలాంటి బద్ధకస్తుడిదే. చెప్పనిస్తారా లేదా? అంతటితో ఆగిందా! నైలు ఉంది కదా, పుట్టినప్పటి నుంచీ ఉత్తరానికి పారే నైలు, అది కూడా ఈ గాలి తట్టుకోలేక గట్టు దాటి నా వీపు చాటుకొచ్చింది. ఆ సాయంత్రం నైలు దక్షిణానికి పారింది. దంగోలాలో చిక్కుడు చేలు మునిగాయి. రైతులు ఇప్పటికీ నన్నే తిడుతున్నారు.

ఫిక్రీ కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. "ఇంతకీ దంగోలా చేరావా మామా?"

చేరకపోతే ఇక్కడెలా కూర్చున్నాను? గాలికి ఎదురు తొక్కుతూ దంగోలా చేరాను. ఈ ఒక్క మాట అబద్ధమని తేల్చండి, అదిగో స్తంభానికి ఆనించిన నా సైకిల్, దహబ్‌ని తీసుకోమనండి. అందరి ముందూ అంటున్నాను.

"అంత మాటన్నాక ఇంకేముంది," అన్నాడు ఫిక్రీ. "సరే, రేపు ముందు నువ్వే..."

"ఆగు బాబూ," అంది బతూల్. గ్లాసు నా చేతిలో పెట్టింది. "నైలు సంగతి నేను నమ్ముతానన్నా. ఒంటెలూ సరే. కానీ నా రేకు పొయ్యికి ఏ పక్కన ఉంది?"

"ఉత్తరం పక్కన," అన్నాను.

"చలికాలంలో ఏనాడైనా దక్షిణం పక్కన పెట్టగా చూశావా?"

"పెడితే నీ పొయ్యి ఆరిపోదూ?"

"మరి ఉత్తరపు గాలి దంగోలా పోయేవాడికి ఎక్కడ తగలాలి?"

"వీపున," అన్నాడు దహబ్. చాయ్ కింద పెట్టేశాడు.

"నీకు మొహాన కొట్టింది. కునుకు తీసి లేచి ఎటు తొక్కావన్నా?" బతూల్ గొంతు కూడా పెంచలేదు. "తలపాగా ఇంటికొచ్చిన మాట నిజమే. నీ తల మీదే వచ్చింది."

ఒక్కో ఏడు గాలి తిరుగుతుందని చెప్పాను. రెండుసార్లు చెప్పాను. ముగ్గురూ రేకు వంకే చూస్తున్నారు. దహబ్ లేచి వెళ్లి నా సైకిల్ సీటు పైకి లేపుకున్నాడు. వాడి కాళ్లు పొడుగు.

మర్నాడు పొద్దున వాళ్లు బయలుదేరారు. గాలి వాళ్ల వీపునే వీచింది. సైకిల్ దంగోలా వెళ్లొచ్చింది. ఇప్పుడది దహబ్‌ది.