కంటిరెప్ప మీద ఎర్రరాయి

ఎర్రరాయి తెచ్చినాడె ఉయ్యాలో... ఏ యేలికి బెడుదునే ఉయ్యాలో... సిటికెన యేలికైతె ఉయ్యాలో... సిటికెన యేలికైతె... ఏందో ఉండె బిడ్డా, ఆ పైది యాదికి వస్తలేదు. చిన్నప్పుడు మా తల్లిగారింటికాడ ఆడపిల్లలందరం చప్పట్లు కొట్టుకుంట పాడేది. ఇగో, నీ యేలికున్న పచ్చరాయి సూడంగనే నోట్లెకు వచ్చింది. ఎవలు పెట్టిచ్చిండ్రే? పరీక్షలకా? అవునవును, సదువుకు బుధుడు, బుధునికి పచ్చ. నాకెట్ల ఎరుకనా? ఏమే, నడీడు దాటినంక రాత్రిబడిల అ ఆలు దిద్దిన ముసల్దానికి గ్రహాలు యాడ ఎరుక అనుకున్నవా? పలక పట్టకముందే గవన్ని నోటికి నేర్సిన. మా అత్త నేర్పింది. అండాలు అని ఆమె పేరు. నీకు ముత్తవ్వ అయితది, నువ్వు పుట్టకముందే పోయింది. తర్వాత నాకు అక్షరాలొచ్చినంక పంచాంగంల 'పుష్యరాగం' అని కూడబలుక్కుంట సదివిన. నోట్ల తిరిగిన మాట కాయితం మీద గట్ల కూసోని ఉంటే ఎంత ఆశ్చర్యమైందో. ష కింద యా ఒత్తు సూసి, గీ రాయికి కొండి గూడ ఉన్నదే అనుకున్న. నవ్వకే.

మా అత్తకు రాళ్లంటే పానం. పంచాంగం చెప్పే అయ్యగారింట్ల పని చేసుకుంట, ఆయన వచ్చినోళ్లకు చెప్పేదంత ఇని పట్టుకున్నదట. గని జాతకం సూడాల్నంటే పుట్టిన యాళ్ల కావాలె గద. మా ఊర్ల ఎవలికెరుక పుట్టిన యాళ్ల? ఒకలు 'అవ్వా, నేను పల్లికాయ పీకేటప్పుడు పుట్టిన' అంటరు, ఇంకొకలు 'పెద్ద కరువుల పుట్టిన' అంటరు. గందుకని మా అత్త ఎనుకకెళ్లి తొవ్వ తీసింది. నొప్పిని బట్టి గ్రహం. మోకాళ్లు గుంజుతున్నయా, అది శని, గుర్రపు నాడా ఇనుముతోని ఉంగరం. నెత్తురు తక్కువున్నదా, కుజుడు, రాగిల పగడం. కోపమస్తదా, చంద్రుడు మంచిగలేడు, ఎండిల ముత్యం. మీ తాతకు పెట్టిచ్చింది గద ముత్యం! ఎడ్లు సేన్ల పడ్డయని మీ తాత కోపంతోని తలుపు మీద గుద్దితె ముత్యం పలిగింది. కోపం మాత్రం గట్లనే ఉన్నది. మా అత్త నాతోని ఏమన్నదో ఎరుకనా? "సూసినవా సైదీ, నా కొడుకు కోపమంత ముత్యమే గుంజుకున్నది. తట్టుకోలేక పలిగింది" అన్నది. గట్లాంటి మనిషితోని ఎవలు గెలుస్తరు చెప్పు.

రాళ్లు తెచ్చేటోడు ఖాసిం. ఉంగరాల ఖాసిం అంటుంటిమి. అచ్చంపేటకెళ్లి సైకిల్ ఏసుకోని వస్తుండె, ఎనుక రేకుడబ్బా, డబ్బల దూది మీద రాళ్లు. ఆయన్ని సూస్తే మా అత్తకు తల్లిగారు వచ్చినంత సంబురం. కూసుండవెట్టి సల్ల పోసేది, ఇద్దరు గంటలకొద్ది కొట్లాడేది. రాహువు గోమేధికం రాగిల పెట్టాల్నని ఈమె, గాదు ఎండిలనే పెట్టాల్నని ఆయన. మధ్యల నేను రెండు దిక్కుల తలకాయ ఊపుడు.

నేను కోడలిగ వచ్చేటాల్లకే మా అత్త కండ్లల్ల పొరలు. మీ తాత ఆఖరు కొడుకు గద, ఆమెకు అప్పటికే ఈడు మీద పడ్డది. మనిషి వస్తే నీడ వచ్చినట్టు కనపడుతుండెనట. ఏండ్లు పోంగ పోంగ గదీ తగ్గింది. ఒకనాడు అన్నం గిన్నె అనుకోని కుడితిల గంటె పెట్టి కలుపుతున్నది. నేను చెయ్యి పట్టుకుంటే నవ్వింది గని, అటెన్క గోడ దిక్కు తిరిగి కూసున్నది. ఆనాడు అన్నది, "సైదీ, కండ్లకు సూర్యుడు పెద్ద. సూర్యునికి కెంపు. ఖాసింకు కబురు పెట్టు. నేను నీ మొఖం సూడాలె, నీ పిల్లల మొఖాలు సూడాలె" అని.

నేను కొంగు మొఖం మీదికి గుంజుకున్న. ఎందుకంటవా? ఇటు సూడు, గీ చెంపలు సూడు. చిన్నప్పుడు నాకు అమ్మోరు పోసింది, మొఖమంత గుంతలు. సంబంధం కలిపినోడేమో మా అత్తకు "పిల్ల మొఖం పాలమీగడ" అని చెప్పి పెండ్లి చేయించిండు. పదేండ్లు దాటింది, నేను ఆమె ముంగట పాలమీగడనే. ఆమెకు కండ్లు రావాల్నని ఉండె, వస్తే నన్ను సూస్తదని భయం ఉండె. గీ రెండు ఒక్క కడుపులనే ఉండె బిడ్డా.

ఖాసిం వచ్చిండు. మా అత్త లెక్క ఏందంటే, రాయిని ముందు పాలల్ల కడగాలె, మల్ల బాయినీళ్లల్ల కడగాలె, అటెన్క మూసిన కంటిరెప్ప మీద పెట్టుకోని సూడాలె. అసలు కెంపయితే సల్లగుంటదని. ఖాసిం డబ్బలున్న ఎర్రయన్ని గిన్నెల పోసిండు. నేను కడిగిచ్చిన. ఆమె ఒక్కొక్కటి తీసి కొంగుతోని తుడిసి రెప్ప మీద పెట్టుకుంటున్నది. "ఊహూ, ఎచ్చగున్నది." "ఊహూ." అన్నిట్లకెళ్లి అడుగుకు ఒకటి ఉండె. గప్పుడే తోడిన బాయినీళ్లల్ల అది అంతసేపు నానింది, ఇగ మా అత్త ఆత్రానికి తుడువకనే పెట్టుకున్నది. "ఇదే! ఇదే రా ఖాసిం! కండ్లల్ల కొత్త కుండ నీళ్లు పోసినట్టున్నది!"

ఖాసిం మొఖం సూడాలె అప్పుడు. "అవ్వా, జర ఇంకొకటి సూడు" అన్నడు. "కన్ను నీదా నాదా రా?" అన్నది. ఖాసిం డబ్బ మూసిండు. సైకిల్ కాడికి పోయి నన్ను పిలిసిండు. "అక్కా, గది కెంపు గాదు, గాజు. పోరగాండ్ల ఉంగరాలకు పెట్టేది, యాది మరిసి అన్నిట్ల పోసిన. అవ్వ ఎంత సంబురపడ్తున్నదో సూస్తివి గద. చెప్పకు, మనసు ఇరుగుతది" అన్నడు. మా అత్తేమో చెవుల గంటీలు కరిగిచ్చి బంగారంల పెట్టియ్యమన్నది. ఖాసిం లబలబలాడిండు. "వద్దవ్వా! సూర్యునికి రాగే అసలు! బంగారం గురునిది, మధ్యల కొట్లాటైతది!" ఎంత మంచిగ అబద్ధమాడిండో. గట్ల గాజుకు రాగి ఉంగరమైంది. ఆదివారం పొద్దు పొడిసేటప్పుడు తొడుక్కున్నది. యేలు పచ్చవడ్డది గని కండ్లు రాలే. "సూర్యుడు పెద్దమనిషి, మెల్లగ వస్తడు" అనేది.

గా యాళ్లల్ల పాలమూరుల కండ్ల క్యాంపు పెట్టిండ్రు, జీపుకు మైకు కట్టుకోని ఊరూరు తిరిగిండ్రు. నేను పోదామన్న. భయం ఉండంగనే అన్న. ఖాసిం గూడ ఎగదోసిండు. మా అత్త ఏమన్నది? "సూసినవా, జీపును పంపింది నా రాయే." ముగ్గురం బస్సెక్కినం. ఖాసిం ఎందుకచ్చిండంటే, గాజు పెట్టిన పాపమని గుబులు.

ఆడ కంపౌండరు ఇస్రాయేలు అని, మంచి నవ్వులాట మనిషి. "అవ్వా, ఆపరేషనప్పుడు చేతుల ఏముండద్దు, ఉంగరం తియ్యి" అన్నడు. తియ్యనన్నది. "తీస్తే సూర్యుడు పోతడు. నా కన్ను తెరిసేటోడే లేకుంటే మీరేం తెరుస్తరు?" బల్ల మీదికెళ్లి దిగింది! నేను కాళ్లు పట్టుకున్న, ఇనలే. ఎనుక మనుషులు వరుస కట్టిండ్రు, పెద్ద డాక్టరు తర్వాతోళ్లను పిలవమంటున్నడు. ఆనాడు తప్పితే మల్ల క్యాంపు ఎప్పుడో, ఎవలికెరుక. అప్పుడు ఖాసిం ముంగటికి వచ్చి, "అవ్వా, తీసి కింద పెడ్తే దోషం. ఇంకొకల యేలికి మారిస్తే దోషం లేదు. నాకు తొడుగు. నువ్వు బయటికి వచ్చేదాక సూర్యునికి ఎదురుంగ చెయ్యి పట్టి కూసుంట" అన్నడు. మా అత్త ఆయన చెయ్యి తడిమి పట్టుకున్నది. "దించవు గద?" "దించ." అప్పుడు ఉంగరం ఆయన యేలికి తొడిగి లోపటికి పోయింది.

ఎండ సుర్రున కాలుతున్నది బిడ్డా. ఖాసిం ఆకిట్ల కూసోని చెయ్యి పైకెత్తిండు, దించలే. ఇస్రాయేలు వచ్చుకుంట పోవుకుంట, "భాయ్, ఎవలికి ఓటేస్తున్నవ్? నన్ను గూడ గెలిపియ్యి" అనవట్టె. నాకు ఏడుపు, నవ్వు, రెండూ. చెయ్యి గుంజితే ఎడమ చేత్తోని పట్టుకున్నడు గని దించలే. గాజు అని ఎరుకుండంగ, ఎందుకో మరి. ఇప్పటికి నాకు తెల్వది.

పట్టీలు ఇప్పిననాడు సోడబుడ్డి అద్దాలు పెట్టిండ్రు. నేను కొంగు మొఖానికడ్డం పెట్టుకోని నిలబడ్డ. "ఎవలే గా కొంగు? తియ్యే" అన్నది. తీసిన. సూసింది. మస్తుసేపు సూసింది. "గా గుంతలు నాకెప్పుడో ఎరుకనే, బాలింతప్పుడు నీ మొఖానికి నూనె రాసింది నేను గాదా? ఎరుక లేంది ఒక్కటే, నువ్వు గింత నల్లగున్నవని" అన్నది! ఇస్రాయేలు పగలవడి నవ్విండు. పదేండ్ల బరువు ఆడనే దించిన పో.

అటెన్క ఖాసిం ఉంగరం తెచ్చిచ్చిండు. ఎలుగు దిక్కు పట్టుకోని, అటు తిప్పి ఇటు తిప్పి సూసింది. "మంచి రాయి ఇచ్చినవ్ రా కొడకా" అని మల్ల యేలికి తొడుక్కున్నది. గంతే. అటెన్క ఊరంత తిరిగి సూపెట్టింది. ఖాసిం వచ్చినప్పుడల్ల నన్ను పక్కకు పిలిసి, "అక్కా, చెప్పలేదు గద?" అనేటోడు. "లేదు తమ్మీ" అనేదాన్ని.

ఏండ్లు గడిసినయి. ఆమె మంచం పట్టింది, నొప్పి లేదు, ఒట్టి ముసల్తనం. పొద్దుగాల నేను గంజి తాపిస్తున్న. బయట సైకిల్ గంట ఇనవడ్డది. నా చెయ్యి పట్టుకోని దగ్గరికి గుంజింది. చెవుల చెప్పినట్టు చెప్పింది, గదే ఆఖరు మాట. "సైదీ, గది గాజని నాకు అద్దాలు పెట్టిననాడే తెల్సిందే. ఖాసింకు చెప్పకు, మనసు ఇరుగుతది."